సత్యభామ కావలెను

కృష్ణుడు మూడు రోజుల్లో దొరికాడు. అదీ ఒకరు కాదు, నలుగురు. సత్యభామ కోసం మాత్రం మూడు నెలలు తిరిగాం.

పురాణం విప్పుతున్నాననుకోకండి, మా ఊళ్లో జరిగిన సంగతే చెబుతున్నాను. మాది పెద్ద నగరమూ కాదు, మరీ పల్లెటూరూ కాదు. ఒక టౌన్ హాలు, రెండు సినిమా హాళ్లు, వీధికో సంగీతం క్లాసు ఉన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడి పెద్దలు ఏటేటా ‘శ్రీకృష్ణ తులాభారం’ ఆడేవారట. ఆ తరం వెళ్లిపోయింది. వాళ్ల కిరీటాలు ఎవరెవరి అటకల మీదో బూజు పట్టి ఉన్నాయి. కిందటేడు వాళ్ల కొడుకులు, అల్లుళ్లు కూడబలుక్కుని ఆ నాటకాన్ని మళ్లీ ఒక్కసారి స్టేజి ఎక్కించాలని పట్టుబట్టారు. “మీరు కథలు రాస్తారు కదమ్మా, తెల్లవార్లూ ఆడే నాటకాన్ని రెండున్నర గంటలకు కుదించి పెట్టండి” అంటూ ఓ ఆదివారం మా ఇంటికొచ్చారు. కాఫీలిచ్చి, సరేనన్నాను. ఆ ‘సరే’ నన్ను ఎక్కడెక్కడికి తీసుకెళ్తుందో అప్పుడు తెలియలేదు.

పాత పద్యనాటకాలు మళ్లీ ఆడాలన్న ఉత్సాహం ఈమధ్య చాలా ఊళ్లలో కనిపిస్తోంది. సంతోషమే. అయితే ఉత్సాహపడేవాళ్లంతా కిరీటాలు, తెరలు, మైకులు, చందాల గురించి మాట్లాడుకుంటారు. ఆడపాత్రకు ఆడమనిషి ఎక్కడినుంచి వస్తుంది, ఆమె రావాలంటే మనం ఏం చెయ్యాలి అన్న ప్రశ్న ఆఖర్న వస్తుంది. అది మొదట రావాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పద్యం తీస్తే కోపం, ఉంచితే నిద్ర

ముందు నా పని సంగతి చెబుతాను. మన నాటకంలోకి పాటలు, పద్యాలు 1880ల్లో జోరుగా వచ్చాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు నాటకాలు రాసి, ఆడించి, పాటకూ పద్యానికీ స్టేజి మీద పీట వేశారు. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘హరిశ్చంద్ర’, కాళ్లకూరి నారాయణరావు గారి ‘చింతామణి’ ఊరూరా తిరిగాయి. ముత్తరాజు సుబ్బారావు గారి ‘శ్రీకృష్ణ తులాభారం’ కూడా ఆ వరసలోదే. ఆ రోజుల్లో భోజనాలు చేసి, చాపలు పట్టుకుని వెళ్లి కూర్చుంటే కోడి కూసేదాకా నాటకమే. నచ్చిన పద్యానికి జనం ‘వన్స్‌మోర్’ అంటే నటుడు మళ్లీ పాడేవాడు. ఒక్కో పద్యం చివర రాగాన్ని ఎంతసేపు సాగదీస్తే అంత గొప్ప.

ఇప్పుడు ఎవరికి అంత తీరిక? పద్యం తీసేస్తే పాతవాళ్లకు కోపం, ఉంచితే కొత్తవాళ్లకు నిద్ర. రెండు వారాలు కూర్చుని, కథ నడవడానికి అవసరమైనవి ఉంచి, ఒకే భావం రెండు మూడుసార్లు వచ్చే చోట ఒక్కటే ఉంచాను. నారదుడి రాక, సత్యభామ వ్రతం, భర్తను దానమివ్వడం, త్రాసు, తులసిదళం. కథ మీకు తెలియనిది కాదు. అత్తమామల్ని, సవతుల్ని, మొగుణ్ణి కూడా లెక్కచెయ్యని ఒక రాణి, తన నగలన్నీ పోసినా భర్త బరువుకు తూగవని తెలుసుకునే కథ. నాటకమంతా ఆమె మీదే నడుస్తుంది. ఆమె సరిగా లేకపోతే కృష్ణుడు ఎంత బాగా పాడినా లాభం లేదు.

కృష్ణుడి వేషానికి నలుగురు వచ్చారని చెప్పాను కదా. ఆ తగువు తేలిగ్గానే తీరింది. మన పద్యనాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు సీన్లు పంచుకునే ఆచారం ఎప్పటినుంచో ఉంది. ‘ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు’ అని కరపత్రంలోనే వేసేవారు. మేమూ ఇద్దర్ని పెట్టుకున్నాం. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, యాభై ఎనిమిదేళ్లు. రెండో ఆయన ఎరువుల షాపు యజమాని, నిండైన విగ్రహం, అంతకంటే నిండైన బొజ్జ. “కృష్ణుడికి ఈ వయసేమిటి, ఈ బొజ్జేమిటి” అని కమిటీలో ఒక్కరూ అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

మగవాళ్లు తీర్చిన సత్యభామ

సత్యభామ విషయానికి వచ్చేసరికి ఒక పెద్దాయన, “ఆ వేషం మగవాడే కట్టాలమ్మా. స్థానం వారి తర్వాత ఆడవాళ్లెవరూ ఆ అలక అలగలేరు” అన్నారు.

ఆయన మాటలో అతిశయం ఉందేమో గానీ అబద్ధం లేదు. స్థానం నరసింహారావు గారు (1902-1971) బాపట్లవారు. చంద్రమతి వేషం వెయ్యాల్సిన మనిషి రాకపోతే ఆ రాత్రికి తాను కట్టి, అక్కడినుంచి దాదాపు నాలుగు దశాబ్దాలు ఆడవేషాలతోనే తెలుగుదేశాన్ని ఊపేశారు. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి అన్నీ ఆయనవే. తులాభారంలో ఇవాళ్టికీ అందరి నోళ్లలో ఉన్న సత్యభామ పాట ఆయన స్వయంగా రాసుకున్నదే. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1966లో ఈ కథ సినిమాగా వచ్చినప్పుడు సత్యభామగా జమున గారు నటించారు, ఆ పాటను పి.సుశీల గారు పాడారు. ఆడవాళ్ల నోటికి ఆ పాట అందినా, అంతకుముందు దానికొక తీరు దిద్దింది మగవాడే.

అప్పట్లో అది తప్పనిసరి. పరువుగల ఇళ్ల ఆడవాళ్లు నాటకం ఆడటమా అనుకునే కాలం. టంగుటూరి ప్రకాశం పంతులుగారంతటివారు కూడా చిన్నతనంలో ఆడవేషాలు కట్టినవారే. 2019లో కన్నుమూసిన బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దాకా ఆ విద్య నడుస్తూ వచ్చింది. నాకు ఆ విద్య మీద చాలా గౌరవం. ఒక మగవాడు ఆడదాని నడకను, జడ విసురును, చూపును ఏళ్లతరబడి గమనించి తన ఒంటికి పట్టించుకోవడం మాటలు కాదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆడవాళ్లం అలిగితే ఎలా ఉంటామో కూడా స్టేజి మీద మగవాళ్లే తేల్చారు. మనం అలిగేది ఎప్పుడూ జడ విసిరి, పెదవి విరిచి కాదు కదా! నిజంగా కోపమొచ్చిన ఆడది చాలాసార్లు మాట్లాడకుండా గిన్నెలు సర్దుతుంది. ఆ సత్యభామను ఇంకా ఎవరూ సరిగా ఆడలేదేమోనని నాకు అనుమానం.

అయినా మా పెద్దాయన మాటకు విలువిచ్చి చుట్టుపక్కల ఆడవేషం కట్టే మగవాళ్ల కోసం వెతికాం. ఒకాయన దొరికారు. డెబ్భై ఏళ్లు. “గొంతు ఉంది గానీ మోకాళ్లు లేవమ్మా” అన్నారు నవ్వుతూ. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లెవరైనా ఉన్నారా అంటే లేరన్నారు.

స్టేజి దిగితే ఎవరో

ఇక మిగిలింది వృత్తిగా నటించే ఆర్టిస్టును పిలవడం. తెనాలి వైపు ఒకావిడ పేరు చెప్పారు. ఇరవై రెండేళ్లుగా సత్యభామ, చంద్రమతి, ద్రౌపది వేషాలు కడుతున్నారు. ఫోన్ చేస్తే మా తేదీల్లో ఆవిడకు వేరే ఊరి జాతరలో నాటకం ఒప్పుకున్నారట. అయినా ఆ దారినే వెళ్తూ మా ఊళ్లో దిగారు. మా ఇంట్లో భోజనం చేశారు. ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పిన మాటలు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

“సాయంత్రం ఆరింటికి బస్సు దిగుతానమ్మా. నా పెట్టె నేనే మోసుకుంటాను. మేకప్పు నాదే, చీరలు నావే, సవరం నాదే. కృష్ణుడెవరో తెర లేచాకే చూస్తాను. ఆయన ఎక్కడ ఆపుతాడో, ఏ పద్యం ఎగరగొడతాడో తెలియదు. పొద్దున నాలుగింటికి అయిపోతే, డబ్బిచ్చే మనిషి కోసం అయిదింటిదాకా కూర్చోవాలి. చెప్పిందాంట్లో అయిదొందలు తగ్గించి ఇస్తే పోట్లాడలేను, మళ్లీ పిలవరని భయం. స్టేజి మీద ఉన్నంతసేపూ సత్యభామగారూ అంటారు. దిగాక ‘ఆ ఆడ ఆర్టిస్టు ఏదిరా’ అంటారు.”

“రిహార్సల్‌కి పిలవరా అండీ?” అన్నాను.

“వస్తే బస్సు ఛార్జీలు ఎవరిస్తారమ్మా?” అన్నారు.

ఇది ఆవిడ ఒక్కరి గొడవ కాదు. ఒకప్పుడు సమాజాలు ఉండేవి. ఒక ఊరి సమాజంలోని వాళ్లంతా నెలల తరబడి కలిసి సాధన చేసి నాటకం ఆడేవారు. తర్వాత కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. పేరున్న నటుల్ని తలో ఊరినుంచీ పిలిపించి, ఆ రాత్రికి ఒకచోట చేర్చి ఆడించేయడం. అందరికీ పద్యాలు కంఠతా వచ్చు కాబట్టి బండి నడిచిపోయింది. జనానికి పెద్ద పెద్ద నటులు ఒకే రాత్రి దొరికారు. పోయింది మాత్రం కలిసి చేసే సాధన. ఆ నష్టం అందరికీ ఉన్నా, ఒంటరిగా ఊళ్లు తిరిగే ఆడమనిషికి ఎక్కువ ఉంది.

ఇందుకు పూర్తి భిన్నంగా సురభివారు ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబం అది. ఆడపాత్రలు ఆడవాళ్లే వేస్తారు. అమ్మ ద్రౌపది, నాన్న భీముడు, బాబాయి తెరలు లాగుతాడు, పిల్లలు రెక్కల చాటునుంచి చూస్తూ పెరుగుతారు. అలా పెరిగిన సురభి కమలాబాయి గారే 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయ్యారు. మిగతా తెలుగుదేశం ఆడవేషానికి మగవాళ్లను వెతుక్కుంటున్న రోజుల్లో సురభి స్త్రీలు తరతరాలుగా ఆడుతూనే ఉన్నారు. ఇందులో మంత్రమేమీ లేదు. పని చేసే చోట తన మనుషులున్నారు, పిల్లలున్నారు, రాత్రి పడుకోవడానికి తనదన్న చోటుంది. అలాంటి ఏర్పాటుంటే ఆడది స్టేజి ఎక్కుతుంది.

మా ఇంటి సంగతీ అంతే

చివరికి మా ఊళ్లోనే వెతుకుదామన్నాను. అన్నమాచార్య కీర్తనలు నేర్చుకునే ఆడవాళ్లు మా ఊళ్లో తక్కువేం కాదు. శ్రావణ శుక్రవారాల్లో ఒక్కొక్కరు పాడుతుంటే ప్రాణం లేచొస్తుంది. అయిదుగురిని అడిగాను. అయిదుగురికీ ఇష్టమే. అయిదుగురూ కాదన్నారు.

ఒకామె అత్తగారు, “పాడుకోమను తల్లీ, పాటకు అభ్యంతరం లేదు. ముఖానికి రంగెందుకు?” అన్నారు. ఇంకో ఇంట్లో భర్త, “ఎవరో మగాడు నా భార్యను అందరిముందూ బతిమాలుతుంటే నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాలా వదినగారూ?” అని నవ్వుతూనే అడిగాడు. ఒకామె స్వయంగా, “మా పాపకు సంబంధాలు చూస్తున్నాం. ఈ టైములో వద్దక్కా” అంది. నాటకం ఆడితే పిల్ల పెళ్లికి అడ్డమొస్తుందన్న భయం ఈ రోజుల్లో కూడా ఉందా అని విస్తుపోయాను. ఆ రాత్రి ఇంటికొచ్చి మావారితో గంటసేపు ఉపన్యాసమిచ్చాను.

అది విన్న మా అమ్మాయి మర్నాడు పొద్దున్నే, “అమ్మా, రుక్మిణి వేషం నేను వేస్తానే. పెద్దదేం కాదుగా” అంది. పదో తరగతి. సంగీతం అయిదేళ్లు నేర్చుకుంది. నేను ఇడ్లీ పాత్ర మూత తీస్తూ, “మార్చిలో పరీక్షలు పెట్టుకుని వేషాలేమిటి” అన్నాను.

అది సాకు. నాటకం సంక్రాంతి సెలవుల్లో. వారానికి రెండు రిహార్సల్స్. దాని వల్ల పోయే మార్కులేమీ లేవు. నా మనసులో మెదిలింది వేరు. రేపు బంధువులేమంటారు? ఫోన్లలో వీడియోలు తీస్తారు, అవి ఎక్కడికి పోతాయో? పిల్ల ఏమీ అనలేదు. టిఫిను తింటూ, “నీ కథల్లో అయితే ఒప్పుకుంటావు కదమ్మా” అని మాత్రం అంది.

ఇరవయ్యేళ్ల కిందట నేను కాలేజీ వార్షికోత్సవంలో నాటకం వేస్తానంటే మా అమ్మ కూడా పరీక్షలనే అంది. నేను ఆమె మీద ఇప్పటికీ కోపం పెట్టుకునే ఉన్నాను. ఆ కోపంతోనే రెండు కథలు రాసి బహుమతులు కూడా తెచ్చుకున్నాను. అచ్చం అదే మాట అదే గొంతుతో నా నోట వచ్చింది. మనల్ని ఆపినవాళ్లు ఎక్కడో లేరు. వాళ్ల మాట మన వంటింట్లోనే ఉంటుంది, మన నోటితోనే బయటకొస్తుంది.

కర్రీ పాయింటు సత్యభామ

సత్యభామ మాకు బస్టాండు దగ్గర కర్రీ పాయింటులో దొరికింది. నలభై రెండేళ్లావిడ. శనివారం భజనల్లో గొంతెత్తితే హార్మోనియం అక్కర్లేదు. ఓ రోజు పప్పుచారు కొనడానికి వెళ్లి, మాటల్లో అడిగాను. “మా నాన్న హరిశ్చంద్రుడి వేషం వేసేవారమ్మా. చిన్నప్పుడు లోహితుడు నేనే. మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని చాలా ఏళ్లు చూశాను” అంది. భర్త లారీ డ్రైవరు. అక్కడికక్కడే ఫోన్ చేసింది. “నీకిష్టమైతే వెయ్యి. రాత్రిపూట ఒక్కదానివే ఇంటికి రాకు” అన్నాడట. ఇంత చదువుకున్న ఇళ్లన్నీ తిరిగిన నాకు ఆ రెండు ముక్కలు చాలా పెద్దవిగా వినిపించాయి.

కమిటీలో చెప్తే మొహాలు చిన్నబుచ్చుకున్నారు. “సత్యభామ అంటే పదహారేళ్ల పడుచులా ఉండాలి. కాస్త రంగు కూడా...” అని నసిగారు. అప్పుడడిగాను. “మన కృష్ణుడికి యాభై ఎనిమిదేళ్లు. స్థానంవారు నలభై దాటాక కూడా సత్యభామే. అప్పుడెవరూ వయసు అడగలేదు. ఆడవేషం మగవాడు కడితే విద్య చూస్తారా, ఆడది కడితే వయసు చూస్తారా?” అన్నాను. లెక్కల మాస్టారే ముందుగా నవ్వేసి, “ఆవిడ లెక్క సరైందే” అన్నారు.

తర్వాత వచ్చిన చిక్కు అసలైనది. శ్రుతి. మైకుల్లేని రోజుల్లో ఆఖరి వరసదాకా వినిపించాలని మగ నటులు పైస్థాయిలో పాడేవారు. ఆ నాటకాల బాణీలన్నీ ఆ గొంతులకు తగ్గట్టు కుదిరాయి. సత్యభామ కూడా మగవాడే కాబట్టి అందరికీ దాదాపు ఒకే శ్రుతి సరిపోయేది. ఇప్పుడు నిజంగా ఆడమనిషి వచ్చేసరికి ఆవిడది ఐదు శ్రుతి, మాస్టారిది ఒకటి. ఆవిడను ఆయన శ్రుతికి దించితే గొంతు వినబడదు. ఆయన్ని ఎక్కిస్తే నరాలు తేలతాయి. మామూలుగా ఇలాంటి చోట ఆడ ఆర్టిస్టునే సర్దుకోమంటారట. మా హార్మోనిస్టు తాతగారు మాత్రం ఒప్పుకోలేదు. “ఒకటి శ్రుతికి పంచమం ఐదే కదండీ. ఆయన ‘ప’ ఎక్కడుందో ఆవిడ ‘స’ అక్కడుంది. సంభాషణ నడిచేటప్పుడు నేను మెల్లిగా మారుస్తాను, చెవికి తెలియదు” అన్నారు. ఎవరూ సర్దుకోనవసరం లేకుండా పని జరిగిపోయింది.

రిహార్సల్ వేళలు కూడా మారాయి. కమిటీవాళ్లు రాత్రి ఎనిమిదింటికి అనుకున్నారు. ఆ వేళకు ఆడవాళ్లకు వంట, పిల్లల చదువులు. కర్రీ పాయింటుకైతే అదే బేరాల సమయం. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు అన్నాం. షాపు యజమాని కృష్ణుడు మొదట గొణిగినా, తర్వాత కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి వచ్చాడు. వేళ మారిందని తెలిసి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చెలికత్తెలుగా చేరారు. రుక్మిణి వేషానికి ఒక డిగ్రీ అమ్మాయిని వాళ్ల నానమ్మే స్వయంగా తీసుకొచ్చింది.

తెనాలి వైపు ఆర్టిస్టుగారిని రెండు రోజులు పిలిపించాం. ఛార్జీలు, పారితోషికం ముందే కవర్లో పెట్టి ఇచ్చాం. ఆవిడ పద్యం ఎత్తుకోవడం, రాగాన్ని ఎక్కడ ఆపాలి, నగల బరువుతో ఎలా కూర్చుని ఎలా లేవాలి అన్నీ చూపించారు. వెళ్లేటప్పుడు, “నేర్పడానికి నన్ను పిలవడం ఇదే మొదటిసారి” అన్నారు.

టౌన్ హాల్లో గ్రీన్ రూం ఒక్కటే. గడియ లేదు. బాత్రూం హాలు వెనక, దీపం లేని చోట. ఇన్నేళ్లుగా ఇంతమంది నాటకాలు ఆడినా అదొక లోటని ఎవరికీ తోచలేదు. త్రాసు చేయించడానికి కేటాయించిన డబ్బులోంచి కొంత తీసి, చెక్కతో ఒక గదిలా అడ్డం కట్టించి, గడియ పెట్టించి, బల్బు వేయించాం. త్రాసు కాస్త చిన్నదైంది. దాని వెనక తాడు లాగే కుర్రాడు ప్రదర్శన రోజు తొందరపడి తులసిదళం పడకముందే కృష్ణుణ్ణి పైకి లేపేశాడు. సత్యభామ తొణకలేదు. “స్వామీ, ఇంకా తూచలేదు, కూర్చోండి” అంది తన సొంత మాటల్లో, కర్రీ పాయింటులో తొందరపడే బేరగాడితో అన్నట్టు. హాలంతా ఘొల్లుమంది. కృష్ణుడు బుద్ధిగా కిందికి దిగాడు.

అలక సీను ఆవిడ జడ విసరకుండా ఆడింది. కృష్ణుడు బతిమాలుతుంటే వెనక్కి తిరిగి నగల పెట్టె సర్దుకుంటూ కూర్చుంది, అంతే. నా పక్కనున్న పెద్దావిడ, “అచ్చం మా అక్కలా ఉందే” అంది నెమ్మదిగా. పాటకు రెండుసార్లు వన్స్‌మోర్ పడింది.

మా అమ్మాయి? నేను తేరుకుని సరేననేటప్పటికి రుక్మిణి వేషం చెయ్యి దాటిపోయింది. రెక్క చాటున కూర్చుని ప్రాంప్టింగ్ చేసింది. రెండున్నర గంటల నాటకం దానికి ఇప్పుడు కంఠతా వచ్చు. తులసిదళం వేసే సీను వచ్చినప్పుడు అది పుస్తకం చూడకుండా రుక్మిణి వైపు చూస్తూ పెదాలు కదపడం నాకు కనిపించింది. తప్పు దిద్దుకోవడానికి వేళ ఉంటుందనుకుంటాం. కొన్ని వేషాలు మళ్లీ రావు.

రెండు విన్నపాలు

నాటకాలు మళ్లీ ఆడించాలనుకునే అన్నయ్యలకు, బాబాయిగార్లకు ఒక విన్నపం. సత్యభామను వెతికేముందు ఆవిడ కోసం గడియ ఉన్న గది చూడండి. పారితోషికం ముందే మాట్లాడి, చెప్పింది చెప్పినట్టు, తెర లేవకముందే ఇవ్వండి. రిహార్సల్‌కు పిలవండి, ఛార్జీలు మీరే పెట్టుకోండి. రిహార్సల్ వేళ ఆడవాళ్లను కూడా అడిగి పెట్టండి. ఆహ్వానపత్రంలో ఆవిడ పేరు కృష్ణుడి పేరంత అక్షరాలతో వెయ్యండి. రాత్రి ఇల్లు చేర్చే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. ఇవన్నీ కలిపినా ఒక తెర ఖరీదు కాదు. 1998లో మొదలైన నంది నాటకోత్సవాలు పద్యనాటకానికి వేరుగా పోటీ పెట్టి ఆ కళకు ఊపిరి పోశాయి. అయితే బహుమతి వేదిక దాకా రావాలంటే ముందు ఊళ్లో రిహార్సల్ గది దాకా రావాలి కదా.

రెండో విన్నపం మనకే. మన ఇంట్లో పాడే గొంతు ఉంటే, అది పేరంటాల దగ్గరే ఆగిపోవాలని మనమే గీత గీస్తున్నామేమో చూసుకుందాం. కోడలు అడిగితే అత్తగారు, కూతురు అడిగితే అమ్మ, “పరీక్షలు” అనో “పెళ్లి” అనో అనేముందు, అది నిజమా సాకా అని ఒక్క నిమిషం ఆలోచిద్దాం. భయాలు ఉంటాయి. నాకూ ఉన్నాయి. ఆ భయంతోనే పిల్ల వెంట రిహార్సల్‌కి వెళ్లి కూర్చుంటే సరిపోతుంది. ఆ డిగ్రీ అమ్మాయి నానమ్మ చేసింది అదే. మూడింటికి మనవరాలితో వచ్చి, రిహార్సలయ్యేదాకా వత్తులు చేసుకుంటూ కూర్చుని, అందరికంటే ముందు పద్యాలు నేర్చుకుంది.

మా ఊళ్లో వచ్చే సంక్రాంతికి ‘హరిశ్చంద్ర’ అనుకుంటున్నారు. హరిశ్చంద్రులు ఇప్పటికే ముగ్గురు తయారు. చంద్రమతి వేషానికి ఈసారి నలుగురు పేర్లిచ్చారు. కమిటీ మొదటి మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. నన్నేమీ అడగలేదు. నేనే తన పేరు రాయించి వచ్చాను.